ముందు గజం, తర్వాతే బంతి

కూకట్‌పల్లిలో ఉంటూ గోల్ఫ్ మొదలుపెడదామనుకునేవాళ్లు నన్నడిగితే చెప్పేది ఒకటే. క్లబ్బులు కొనకండి. కోచ్‌కి ఫీజు కట్టకండి. ముందు చేతికి జీపీఎస్ వాచీ కట్టండి. అంత ఖర్చు వద్దనుకుంటే జేబులో ఉన్న ఫోన్‌తో సరిపెట్టుకోండి. ఆర్నెల్లపాటు బంతి ముట్టకుండా దూరాలు నేర్చుకోండి. స్వింగ్ సంగతి ఆ తర్వాత చూద్దాం. దూరం తెలియకుండా స్వింగ్ దిద్దుకోవడమంటే తూకంరాళ్లు లేకుండా కిరాణా కొట్టు తెరవడమే.

హైటెక్ సిటీలో పనిచేసే మన పిల్లలు చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. జీతం పెరగ్గానే సెట్టు కొంటారు. సిమ్యులేటర్ తెర ముందు నిలబడి చేతులు నొప్పెట్టేదాకా కొడతారు. తీరా కోర్సుకి వెళ్లాక ఏడో ఐరన్ తీయాలో ఎనిమిదోది తీయాలో తేలక క్యాడీ మొహం చూస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. గజం తెలియని ఊరు కాదు మనది. రెండు వందల గజాల ప్లాటు రేటెంతో ఇక్కడ చంటిపిల్లాడికి కూడా తెలుసు. కాకపోతే అది చదరపు గజం, నేల కొనడానికి పనికొస్తుంది. బంతిని పంపడానికి కావలసింది పొడవు గజం, అంటే 0.9144 మీటర్లు. మన రోడ్ల మీద పొడవు ఎవరూ చెప్పరు. కేపీహెచ్‌బీ నుంచి ఆఫీసు ఎంత దూరమంటే "ట్రాఫిక్ లేకపోతే అరగంట" అంటారు. ఇల్లెక్కడంటే మెట్రో పిల్లర్ నంబర్ చెబుతారు. నిమిషాలకీ పిల్లర్లకీ అలవాటుపడ్డ కంటికి నూట యాభై గజాలు ఎలా ఆనుతాయి?

అందుకని పొద్దున్నే లేచి జేఎన్‌టీయూ ప్రాంగణం లాంటి ఖాళీ చోటు చూసుకోండి. నిలబడిన చోటు నుంచి ఒక చెట్టునో స్తంభాన్నో ఎంచుకోండి. అది ఎన్ని గజాలుంటుందో పైకి, గట్టిగా చెప్పండి. మనసులో అనుకుంటే తర్వాత సర్దుకోవడానికి వీలుంటుంది, అందుకే గట్టిగా. వాచీలో గుర్తు పెట్టి నడవండి. చెట్టు దగ్గర వాచీ చూపిన అంకెని మీరు చెప్పిన అంకె పక్కన రాసుకోండి. నోటుబుక్కులోనే రాయండి, ఫోన్లో వద్దు. పల్లం వైపు చూసినప్పుడు దూరం ఒకలా, ఎగువకి చూసినప్పుడు ఇంకోలా అనిపించడం మీకే తెలిసొస్తుంది. పక్కన నడిచేవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

మెట్రో వంతెన కింద మాత్రం ఈ సాధన వద్దు. మియాపూర్ నుంచి మూసాపేట దాకా రోడ్డు నడిమధ్యన తలమీద కాంక్రీటే. జీపీఎస్ పనిచేసే తీరు తెలిస్తే కారణం అర్థమవుతుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు సమయం చెబుతూ ఉంటాయి. కనీసం నాలుగింటి మాట ఒకేసారి వినబడితే మీ వాచీ తానెక్కడుందో లెక్కగడుతుంది. ఆ లెక్కలో ఒక సెకనులో వందకోట్లో వంతు తప్పితే దూరం 30 సెంటీమీటర్లు తప్పుతుంది. వంతెన కింద సగం ఆకాశం కనబడదు. ముప్పై అంతస్తుల టవర్ల మధ్యన సంకేతం అద్దాలకి తగిలి, చుట్టుతిరిగి, ఆలస్యంగా వస్తుంది. ఆకాశం తెరిపిగా ఉన్నచోట మామూలు ఫోన్ తప్పు ఐదు మీటర్ల లోపు. క్లబ్బుకీ క్లబ్బుకీ మధ్య తేడా పది గజాలుంటుంది కాబట్టి అది సగం క్లబ్బు తప్పు. కంటి తప్పుకి హద్దే లేదు. వాచీ ఒకటి చెప్పి కన్ను ఇంకోటి చెబితే వాచీ మాటే వినండి. ప్రతిసారీ వినండి. ఒకసారి కంటికి లొంగితే ఆర్నెల్ల సాధన పోయినట్టే.

పాతతరం ఆటగాళ్లు ఒప్పుకోరు. కంటితో ఆడాలి, చేతికి తెలుస్తుంది అంటారు. వాళ్లంటే నాకు గౌరవమే. కానీ వాళ్లు నేర్చుకున్న రోజులు వేరు. అమెరికా సైన్యం కోసం కట్టిన ఈ జీపీఎస్ వ్యవస్థని, 1983లో కొరియా విమానం దారితప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్తే వాళ్లు కూల్చేశాక, మామూలు జనానికీ ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించాడు. ఇచ్చినా మన సంకేతంలో కావాలనే తప్పు కలిపారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో ఆ కల్తీ ఆపేశారు. అంతకుముందు నేర్చుకున్నవాళ్లకి కన్ను తప్ప దిక్కు లేదు. వాళ్ల అలవాటుని మనం మోయక్కర్లేదు.

పైగా ఆకాశం నుంచి కొలిచే విద్యకి మన పొరుగే పుట్టిల్లు. కూకట్‌పల్లి తర్వాత వచ్చే మెట్రో స్టేషన్ బాలానగర్. ఇస్రో వారి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఆ బాలానగర్‌లోనే ఉంది. 2009లో మొదలైన భువన్ పటాలు వాళ్లవే. కోర్సుకి వెళ్లేముందు రాత్రి భువన్‌లో ఆ నేలని చూసి, బంకర్లు ఎక్కడున్నాయో కాగితం మీద గీసుకోండి. వాచీ కొనేటప్పుడు అది మన దేశపు ఉపగ్రహాల నావిక్ సంకేతం కూడా అందుకుంటుందా అని అడగండి. దుకాణంవాడికి తెలియకపోతే ఇంకో దుకాణానికి వెళ్లండి.

ఇక ఇంటి సాధన. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మీ వీధిలో రోజూ వెళ్లే ప్రతిచోటికీ ఒక క్లబ్బు పేరు పెట్టండి. సాధారణ ఆటగాడి ఏడో ఐరన్ 140 గజాల చుట్టుపక్కల పోతుందనుకుంటే, అపార్ట్‌మెంట్ గేటు నుంచి అంత దూరంలో ఏముందో వెతకండి. టిఫిన్ సెంటరా? అయితే ఇకమీదట అది ఏడో ఐరన్. ఇస్త్రీ బండి పిచింగ్ వెడ్జ్. మందుల షాపు ఐదో ఐరన్. రైతుబజార్ డ్రైవర్‌కి కూడా అందదు, రెండు దెబ్బల దూరం. ఇంట్లోవాళ్లకీ నేర్పండి. "పెరుగు అయిపోయింది, పాల బూత్ దాకా వెళ్లిరండి" అంటే "తొమ్మిదో ఐరన్ కదా, వెళ్తా" అనాలి. పిల్లలు రెండువారాల్లో పట్టేస్తారు, పెద్దలకి కొంచెం టైం పడుతుంది. కోర్సులో నిలబడి గ్రీన్ వైపు చూసినప్పుడు ఇస్త్రీ బండి గుర్తొస్తే, చెయ్యి దానంతటదే వెడ్జ్ మీదకి పోతుంది.

బంతే కొట్టనప్పుడు ఏ క్లబ్బు ఎంత పోతుందో ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఏ క్లబ్బు ఎంత పోతుందో చెప్పే పట్టికల్లో ఉన్న అంకెలు తీసుకోండి. అంకె ముందు స్థిరపడితే చెయ్యి దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. ఒక్క సవరణ చేసుకోండి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకి పైనే ఉంది. ఇక్కడి గాలి కాస్త పలచన కాబట్టి బంతి రెండు శాతం దాకా ఎక్కువ పోతుంది. నూట యాభైకి మూడు గజాలు కలపండి.

ఆర్నెల్లయ్యాక కోర్సు. మనకి దగ్గరలో గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ ఉంది, గోల్కొండ నయా ఖిల్లాలో హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు ఉంది. రెండింట్లోనూ బండరాళ్లు. రాయి అడ్డుంటే లేజర్ కొలత రాతి దగ్గరే ఆగిపోతుంది, జీపీఎస్ రాతి అవతల గ్రీన్ దాకా చెబుతుంది. ఆ రెండింటిలో ఏది కొనాలన్న ప్రశ్న మన ఊళ్లో రాకూడదు. నయా ఖిల్లాలో పాత కోట గోడల పక్కన నిలబడాల్సి వస్తే నాలుగడుగులు ఇవతలికి వచ్చి కొలిచి, ఆ అడుగులు కలుపుకోండి.

క్యాడీని దూరం అడగొద్దు. బంతి వెతకడంలో, క్లబ్బు తుడవడంలో ఆయన సాయం తీసుకోండి, టిప్పు బాగా ఇవ్వండి. "ఎంతుంది అన్నా?" అని మాత్రం అనకండి. ఆయన చెప్పేది నిజంగా మంచి అంకే అయినా అది ఆయన కంటి అంకె. వాచీ అంకె కుదురుకునేదాకా ఒకటి రెండు నిమిషాలు నిలబడి, మూడు రీడింగుల సగటు తీయండి. నలభై సెకన్లలో కొట్టమని రూల్స్ పుస్తకం సిఫారసు చేస్తుంది నిజమే. వెనకవాళ్లు తొందరపడితే మర్యాదగా దారివ్వండి.

రూల్ ఒకటి ఖచ్చితంగా పాటించండి. 2019 నుంచి దూరం కొలిచే పరికరాలకి 4.3 రూల్ కింద అనుమతి ఉంది. 2021లో పీజీఏ ఛాంపియన్‌షిప్‌లోనూ ఒప్పుకున్నారు. ఎత్తుపల్లాల తేడా కొలవడం మాత్రం నేరం. వాచీలో స్లోప్ ఆప్షన్ ఉంటే పోటీకి ముందే ఆపేయండి. ఆపారో లేదో ఎవరూ చూడరు, అయినా ఆపండి. మన తెలుగింటి బిడ్డ సాహిత్ తీగల 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో బంకర్‌లో క్లబ్బు వెనక్కి తీస్తూ ఇసుకని తాకినట్టు తనకే అనిపించి, తనే చెప్పి, రెండు స్ట్రోకుల జరిమానా వేయించుకున్నాడు. అలా చేసి కూడా మూడో స్థానంలో నిలిచాడు. ఆ కుర్రాడిని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

పుటింగ్ గురించి చాలామంది బెంగపడతారు. పార్ 72 కోర్సులో గ్రీన్‌కి రెండు పుట్ల లెక్కన 36 పుట్లు. అక్కడ దూరం అడుగుల్లో ఉంటుంది, ఐదు మీటర్ల తప్పున్న పరికరం ఏమీ చెప్పలేదు. కొలవలేనిదాన్ని సాధన చేసి లాభం లేదు. ఆ 36ని వదిలేసి, మిగతా 36 మీద మనసు పెట్టండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు క్లబ్బులు తీసుకెళ్లొద్దు. తెలిసిన సభ్యులెవరితోనైనా కలిసి, అనుమతి తీసుకుని, వాళ్లు ఆడుతుంటే పక్కన పద్దెనిమిది హోల్సూ నడవండి. ప్రతి గ్రీన్ ముందంచు, నడుమ, వెనకంచు మూడూ వాచీలో గుర్తుపెట్టండి. వానాకాలమైనా ఫరవాలేదు, మబ్బు సంకేతాన్ని ఆపదు. మెరుపు కనబడితే మాత్రం లెక్క ఎక్కడున్నా వదిలేసి క్లబ్‌హౌస్‌లోకి వచ్చేయండి. మిగిలిన గ్రీన్లు వచ్చే ఆదివారం కొలవచ్చు.