సెట్ అయితది సార్

అయ్యలారా, ఈ ఫిర్యాదు మనిషి మీద కాదు, మాట మీద. అక్షరాలు లెక్కపెడితే ఒకటిన్నర. 'సెట్'. ఈ ఒకటిన్నర అక్షరం వరంగల్ కాశిబుగ్గలోని నా ఇంట్లో జొరబడి, నా నోట్లోని క్రియాపదాల్లో సగం ఎత్తుకుపోయింది. అంతటితో ఊరుకోక నా బాత్రూం తలుపును నాలుగు నెలలు మూతపడకుండా ఆపింది. వివరంగా మనవి చేసుకుంటాను.

మిరుగు వచ్చి నాలుగు వానలు పడగానే తలుపు ఉబ్బింది. టేకు కాదు లెండి, ఇల్లు కట్టేనాటికి చేతిలో పైసలు అయిపోయి వేయించిన వేపచెక్క. కింద బండకు గీరుకుంటుంది, పైన చౌకట్లోకి పోదు. బలవంతంగా నెట్టినా బోల్టు వచ్చి రంధ్రానికి కందిగింజంత పైన ఆగిపోతుంది. వడ్లాయనను పిలిపించాను. ఆయన తలుపును రెండుసార్లు ఊపి, బొటనవేలితో అంచు నిమిరి, "సెట్ అయితది సార్" అన్నాడు. రందా తీసి నాలుగు లాగులు లాగాడు. పల్చటి చెక్క చుట్టలు జిలేబీల్లా గడప మీద రాలాయి. మళ్లీ మూసి చూశాడు. తలుపు గీర్రుమని మూలిగి సగంలో నిలబడింది. "ఇంత వాన తెరిపిచ్చినంక సూద్దాం. సెట్ అయితది" అని రందా సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

గమనించారా? 'సెట్ చేస్త' అనలేదు, 'సెట్ అయితది' అన్నాడు. ఎవరివల్ల అవుతుంది? ఎప్పటికి అవుతుంది? ఆ వాక్యంలో కర్త లేడు, తేదీ లేదు, పూచీ అసలే లేదు. కేబుల్ పిల్లవాడూ ఇదే అంటాడు. బోరు మోటారు విప్పి, నట్లన్నీ పాత పేపరు మీద పరిచి, చాయ్‌కి పోయిన మెకానిక్కూ ఇదే అంటాడు. నెల తిరగకముందే చిట్లిన చెప్పు చూపిస్తే దుకాణంలో కూడా "నడువంగ నడువంగ సెట్ అయితది" అన్నారు.

ఇంగ్లీషువాళ్లకైనా ఈ మాట లొంగిందా అంటే లేదు. 1989లో ఇరవై సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో దీని క్రియారూపానికి 430 అర్థాలు చెప్పారట. ఆ ఒక్క మాటను వివరించడానికి దాదాపు 60 వేల మాటలు పట్టాయి. మన దగ్గర అంత రాస్తే నవల అవుతుంది, సీరియల్‌గా రెండేళ్లు నడుస్తుంది. తర్వాతి సవరణలో 'రన్' అనే మాట 645 అర్థాలతో దీన్ని దాటిపోయిందని చదివి కొంత ఊరట చెందాను. ఆ లెక్క వేసినవాళ్లు కాశిబుగ్గకు వచ్చి ఒక్క పూట మా గల్లీలో నిలబడితే సెట్ పదవి సెట్‌కే తిరిగి వచ్చేదని నా నమ్మకం.

నేను ఇంగ్లీషు ద్వేషిని కాను. ఈ మాట మాకు కొత్తదీ కాదు. పూర్వం ఇది మర్యాదస్తుడిలా వచ్చింది. పంపుసెట్టు, మైకుసెట్టు, టీవీ సెట్టు, కమ్మల సెట్టు. చివర ఒక ఉకారం తగిలించుకుని, ఇంకో మాట వెనక నిలబడి, వస్తువు పేరై బతికింది. మా నాయన మూడెకరాలు పంపుసెట్టు మీదే పారించాడు, ఏనాడూ దాన్ని తిట్టలేదు. బళ్లో లెక్కల సార్లయితే దానికి చక్కగా 'సమితి' అని పేరు కూడా పెట్టారు. మండలాలు రాకముందు చదువుకున్నవాణ్ని కాబట్టి, సమితి అంటే నాకు మా నాయన ఎరువుల కోసం తిరిగిన పంచాయతీ సమితి ఆఫీసు గుర్తుకొచ్చి లెక్క తప్పేది. అది వేరే సంగతి. గొడవ ఎక్కడ మొదలైందంటే, ఈ నామవాచకం ఉకారం విప్పి అవతల పారేసి, అవు, చేయి అనే రెండు కర్రలు చేతబట్టుకుని క్రియగా ఊరి మీద పడ్డప్పుడు.

అప్పటినుంచి తెలుగు క్రియల చావు లెక్కలే. సంబంధం కుదరడం మానేసింది, సెట్ అవుతోంది. నగ అమరడం లేదు, రవిక ఒదగడం లేదు, ఇద్దరికి పొసగడం లేదు, రంగు ఒప్పడం లేదు, విరిగిన పిడి అతకడం లేదు. అన్నీ సెట్ అవుతున్నాయి, లేదా సెట్ గావట్లేదు. మా ఇంట్లో పాలు తోడుకోవడం కూడా ఆగిపోయింది. పొద్దున్నే గిన్నె మూత తీసి మా కోడలు, "పెరుగు సెట్ కాలేదత్తమ్మా" అంటుంది. మా ఆవిడ నా ముఖం చూస్తుంది, నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను. సూర్యుడొక్కడే దీనికి చిక్కలేదు. ఇంగ్లీషులో అతను రోజూ సెట్ అవుతాడు గాని, మా దగ్గర ఇంకా పొద్దు గూకుతూనే ఉంది.

పరీక్షల సంగతి చెప్పకపోతే ఫిర్యాదు అసంపూర్ణం. కామన్ ఎంట్రన్స్ టెస్టు అనే మూడు ముక్కల మొదటి అక్షరాలు కలిస్తే అది కూడా సెట్టే అయి కూర్చుంది. ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్, ఈసెట్. మెడికల్ ప్రవేశాలు నీట్‌కు పోయినా ఏళ్ల తరబడి 'ఎం'ను మోసిన ఎంసెట్ 2024లో తెలంగాణలో ఎప్‌సెట్ అయింది. పేరులో మెడిసిన్ పోయింది, సెట్ మాత్రం చెక్కుచెదరలేదు. ఐసెట్‌నయితే పక్కనే ఉన్న మన కాకతీయ విశ్వవిద్యాలయమే చాలా ఏళ్లు నిర్వహించింది. మా అమ్మాయి అది రాసిన ఏడు మా గల్లీ చివరింటి పెద్దమనిషి గుడి దగ్గర ఆపి, "బిడ్డకు ఎక్కడ సెట్ అయింది?" అని అడిగాడు.

"కరీంనగర్ల పడ్డదన్నా."

"మంచిగైంది. పిల్లగాడేం జేస్తడు?"

నేను చెప్పింది పరీక్ష కేంద్రం. పొద్దుగూకే సరికి మూడిళ్లవాళ్లు లగ్గం ఎప్పుడని అడిగారు. ఒకామె కట్నం ఎంతని కూడా అడిగింది. ర్యాంకు వచ్చాక చెప్తానన్నాను. ఆమె అది వరుడి ర్యాంకు అనుకుని తృప్తిగా వెళ్లింది.

మళ్లీ తలుపు దగ్గరికి వద్దాం. రెండో నెలలో వడ్లాయన కొత్త సంగతి కనిపెట్టాడు. దోషం తలుపుది కాదట, కింద బండ లేచిందట. మేస్త్రీ వచ్చి బండ తీసి, దించి, సందుల్లో సిమెంటు కూరి, "సెట్ కావాలె సార్, రేపటిదాంక కాలు పెట్టొద్దు" అన్నాడు. న్యాయంగా ఒప్పుకోవాలి, నేను విన్న సెట్లన్నిటిలో నీతి నియమం ఉన్నది ఇదొక్కటే. మామూలు సిమెంటు ముప్పై నిమిషాలకు ముందు గట్టిపడటం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలు దాటకుండా ఆ పని ముగించాలి. భారతీయ ప్రమాణాల సంస్థ గీసిన గీత అది. బూడిద రంగు పొడికి గడువుంది. దాన్ని కలిపే మనిషికి లేదు. మిగిలిన పని రేపు చూస్తానన్న మేస్త్రీ తొమ్మిదో రోజు వచ్చాడు. తలుపు ఈసారి బండకు తగల్లేదు, చౌకట్‌కు మాత్రం యథాప్రకారం.

ఈ లోపల సెప్టెంబర్ 9 వచ్చింది. కవి కాళోజీ పుట్టినరోజు, మన తెలంగాణ భాషా దినోత్సవం. జనం నోటి మాటకు గౌరవం ఇవ్వమని బతుకంతా పోట్లాడిన ఆయన ఊళ్లోనే ఉన్నాం కదా అని సభకు పోయాను. మైకు గరగరలాడింది. ఒక కుర్రాడు వేదిక ఎక్కి దాన్ని తట్టి, తిప్పి, "సెట్ సార్!" అని దిగాడు. తర్వాత మాట్లాడినాయన మన యాసకు కవిత్వం ఎంత బాగా సెట్ అవుతుందో ముప్పావు గంట వివరించాడు. జనం నోటి మాటే మాట అన్నప్పుడు, జనం నోట్లో ఇదే ఉంటే ఏం చేయాలి? నాకు అక్కడే కొంచెం నోరు పడిపోయింది. అయినా ఫిర్యాదు ఉపసంహరించుకోను. కొత్తవాడలో నేతపని చేసే మా దోస్తును అడిగాను, పాత పడుగు పోగుకు కొత్త పోగు కలపడాన్ని ఏమంటారని. "అచ్చు అతుకుడు" అన్నాడు టక్కున. సెట్ అనరా అంటే, వేల పోగులు ఒక్కొక్కటే వేళ్లతో మెలిపెట్టి కలిపేవాడికి ఆ మాట ఏం ఆనుతుంది అని నవ్వాడు.

మా అమ్మకు ఎనభై దాటాయి. ఆ రోజుల్లోనే ఊరినుంచి వస్తూ కొత్త మట్టికుండ తెచ్చింది. కుండ అడుగు గుండ్రం, బండ మీద పెడితే దొర్లుతుంది. ఆమె ఎండుగడ్డి గుప్పెడు తడిపి, పురి పెట్టి, గుండ్రంగా చుట్టి, కొస లోపలికి దోపింది. కుదురు. దాని మీద కుండ పెట్టి అరచేత్తో ఒకసారి అటూ ఇటూ తిప్పింది. కుండ కదల్లేదు. నీళ్లు నింపుతూ నా తలుపు కథ విన్నది. "తలుపు నీళ్లు తాగిందిరా కొడుకా. దాన్ని గీకుడెందుకు? ఎండ గొడితే అదే సర్దుకుంటది" అన్నది.

బతుకమ్మ వెళ్లి, దసరా దాటి, ఎండ కాసింది. వారం తిరిగేసరికి ఒక పొద్దున తలుపు మూస్తే మూలగలేదు. బోల్టు తోశాను, రంధ్రంలోకి జారింది. అయితే రందా పట్టిన మేర ఇప్పుడు వేలెడు సందు పడింది, అందులోంచి వసారా అంతా కనబడుతుంది. మా ఆవిడ అక్కడ తువ్వాలు వేలాడదీసింది.

సాయంత్రమే వడ్లాయన వచ్చాడు. కబురు ఎలా అందిందో తెలియదు. తలుపు మూసి, తీసి, మళ్లీ మూసి, నా వైపు తిరిగి, "నేనప్పుడే జెప్తి గద సార్, సెట్ అయితదని" అన్నాడు. సందు చూపించాను. "వానకాలం మళ్ల రాదా సార్, అప్పుడు సరిపోతది" అన్నాడు. ఆ ఒక్క మాట తెలుగులో విన్నందుకు నేను కాస్త మెత్తబడి ఉంటాను. ఆయన గడప మీద కూర్చుని, చెవి వెనక పెన్సిల్ తీసి, చెక్క ముక్క మీద ఏదో కూడి, అన్నాడు:

"మూడు వందలు సార్. లెక్క సెటిల్ జేద్దాం."