చక్రాల కుర్చీకి మోటార్లు ఎంచు విధంబెట్టిదనిన

మొదటి నియమం: కుర్చీలో కూర్చోబోయే మనిషిని ఏమీ అడక్కండి. బరువెంత, ఎక్కడెక్కడ తిరుగుతారు, గుమ్మం ముందు వాలు ఎంత అని అడిగారో, వ్యవహారం లెక్కల్లోకి దిగుతుంది. లెక్కల్లోకి దిగినవాడు ఆదివారంలోగా బండి కట్టలేడు. మా బాబాయికి కుర్చీ కట్టేటప్పుడు నేను ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాను. ఆయన 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. నోరు తెరవనిస్తే బండి గురించి ఏదో ఒకటి చెబుతాడని నాకు ముందే తెలుసు.

సరుకు కోసం ఆటోనగర్ వెళ్లండి. పాత లారీల వైపర్ మోటార్లు రెండు తెచ్చుకోండి. 24 వోల్టులవి, లోపల వార్మ్ గేరు ఉంటుంది, పైగా చవక. అంత పెద్ద అద్దం మీద వాన తుడిచేదానికి ఒక ముసలాయన్ని లాగడం ఏపాటి?

వీటిలో ఇంకో సుగుణం ఉంది. ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి వేరువేరు మోటార్లు పెట్టి, వాటి వేగాల తేడాతోనే బండిని తిప్పడం పాత పద్ధతే. 1950ల్లో కెనడా ఇంజనీరు జార్జ్ క్లైన్ యుద్ధంలో కాళ్లూ చేతులూ పడిపోయిన సైనికుల కోసం కట్టిన కుర్చీలోనే అది ఉంది. రెండు మోటార్లూ ఎటు తిరిగినా ఒకే జోరు చూపిస్తేనే ఆ పద్ధతి కుదురుతుంది. వైపర్ మోటారు సంగతి వేరు. దాని బ్రష్‌లను చాలావరకు ఒకవైపు తిరగడానికే సర్ది ఉంచుతారు. రెండోవైపు తిప్పితే తిరుగుతుంది గానీ మనసుపెట్టి తిరగదు. కుడి ఎడమల్లో అద్దంలో బొమ్మల్లా బిగిస్తాం కాబట్టి, బండి ముందుకు పోవాలంటే ఒకటి సవ్యంగా, ఇంకొకటి అపసవ్యంగా తిరగాలి కదా! మా బాబాయి వీధి గుమ్మానికి గురిపెట్టి జాయ్‌స్టిక్ తోస్తే కుర్చీ వంటింటికి చేరేది. పిన్ని మాత్రం ఆయన కాఫీ కోసమే వస్తున్నాడనుకుంది.

కొందరు చాదస్తులు కాగితం, పెన్సిలు తీస్తారు. 80 కిలోల మనిషి, 60 కిలోల కుర్చీ, మొత్తం 140. చదునైన నేల మీద మూడు కిలోల తోపు చాలు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున్న ర్యాంపు మీద 15 కిలోలు కావాలి. మా ఇంట్లో ర్యాంపు స్కూటర్ ఎక్కించడానికి వేసింది, రెండడుగుల అరుగుకు ఎనిమిదడుగుల వాలు. దాని మీద 37 కిలోలు! పన్నెండున్నర అంగుళాల చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఇంచుమించు మీటరు దూరం. గంటకు ఆరు కిలోమీటర్లు పోవాలంటే నిమిషానికి వంద చుట్లు చాలు. కాబట్టి వేగం వదిలి, ఆ వంద చుట్లలో ఎంత బలం ఉందో చూసి గేరుతో సహా కొనాలంటారు. ఇదంతా పెళ్లికి ముందు ఏడు తరాలు విచారించడం లాంటిది. ముహూర్తం దాటిపోతుంది.

వైపర్లు నచ్చకపోతే ఎలక్ట్రిక్ సైకిల్ హబ్ మోటార్లు ఉన్నాయి. నేను రెండోసారి అవే బిగించాను. గేరు లేదు, చప్పుడు లేదు, చదునులో గంటకు 25 కిలోమీటర్లు. వసారా పొడవు పద్నాలుగు అడుగులు. వాలెక్కేటప్పుడు మాత్రం ఇవి కదలకుండా మూలుగుతాయి. తాగిన కరెంటంతా వేడిగా మారుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. చలికాలంలో పాదాలకు హాయి.

ఇక బ్రేకు. కుర్చీల కోసమే చేసిన మోటారు తోక దగ్గర డబ్బాలాంటిది ఒకటి ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ అది షాఫ్టును వదిలేస్తుంది. కరెంటు పోయిందో, జాయ్‌స్టిక్ వదిలారో, లోపలి స్ప్రింగు టక్కున పట్టేస్తుంది. దానికి అదనంగా రెండు తీగలు, అదనంగా డబ్బు. మానేయండి. నేను మానేశాను. బాబాయి సగం ర్యాంపు ఎక్కాడు, మోటార్లు చేతులెత్తేశాయి, కుర్చీ వెనక్కి మొదలైంది. వీధి గేటు ఆపింది. దెబ్బ తగల్లేదు. అప్పుడు మొదటిసారి ఆయన్ని మాట్లాడనిచ్చాం.

"ఒరేయ్, బ్రేకుల్లో గాలి దిగిపోతే బస్సు కదలదురా. స్ప్రింగు పట్టేస్తుంది. నీ బండికి బలం చాలకపోతే పరిగెడుతుందేంట్రా? బ్రేకేదిరా ముందసలు?"

బ్యాటరీ అయిపోతే చేత్తో తోసుకోవడానికి మోటారును చక్రం నుంచి విడదీసే మీట కూడా ఉంటుంది. అదీ దండగే. మనుషులున్నది ఎందుకు, మోయడానికి కాదూ!

ఇప్పుడాయన కుర్చీకి గేరు, బ్రేకు ఉన్న 24 వోల్టుల మోటార్ల జత ఉంది. ఎంపిక ఆయనదే. ర్యాంపు కూడా పగలగొట్టించి 24 అడుగులు చేయించాడు, నా స్కూటర్ పెట్టుకునే చోటంతా పోయింది. వైపర్ మోటార్లు రెండూ నా దగ్గరే ఉన్నాయి. వానాకాలం వస్తోంది, లారీ వాళ్లెవరికైనా కావాలంటే కబురు చెయ్యండి.