చారాణా తుపాకీకి బారాణా తొడుగు

1993లో ‘డూమ్’ అనే తుపాకుల వీడియో గేమ్ వచ్చినప్పుడు మొదటి ఎపిసోడ్ ఉచితం. నచ్చితేనే మిగతాది కొనుక్కోమన్నారు. బొమ్మలు గళ్లు గళ్లుగా, రాక్షసులు మసకమసకగా ఉన్నా ఆడేవాడికి చెమటలు పట్టేవి.

ఇప్పుడో? ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ కొత్త భాగం వచ్చిందంటే అమెరికాలో 70 డాలర్లు. సైనికుడి గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ లెక్క తేలేలోపు వెనకనుంచి ఎవడో కాల్చేస్తాడు, అది వేరే సంగతి. ఆట దిగాలంటే 100 జీబీ పైనే చోటు కావాలి. ఇంట్లో పెళ్లి వీడియో చెరిపేసి మరీ ఈ అతిథికి పీట వేయాలి!

2021 నాటి ‘బ్యాటిల్‌ఫీల్డ్ 2042’ ఇంకా ఘనం. తెర మీద సుడిగాలి తిప్పింది. ఆ గాలికేనేమో, ఒంటరిగా ఆడుకునే కథ కాస్తా కొట్టుకుపోయింది. ధర మాత్రం కదల్లేదు.

‘వాలరెంట్’ పూర్తిగా ఉచితం. కానీ 2020లో అందులో అమ్మిన డ్రాగన్ తుపాకుల సెట్టు దాదాపు 100 డాలర్లు. డ్రాగన్ నిప్పులు కక్కినా తూటా దెబ్బ మామూలు తుపాకీదే. చారాణా కోడికి బారాణా మసాలా అన్నది ఊరికే కాదు.

మరోవైపు ‘కౌంటర్ స్ట్రైక్’లో 2001 నాటి ‘డస్ట్ 2’ మ్యాపు. ఇసుక, గోడలు, నాలుగు సందులు. జనం ఇప్పటికీ అక్కడే కొట్టుకుంటున్నారు.

అందుకే బాబూ, కొనేముందు ట్రైలర్ చూడకు. నెల తర్వాత కూడా ఆడుతున్నవాడి మొహం చూడు.