పి0562: టీకా తాత్పర్య సహితం

అవతారిక: డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిన్ లైటు వెలిగినప్పుడు, స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్టుకు మెకానిక్ స్కానరు తగిలిస్తే బయటపడే సూత్రమిది. సూత్రకర్త ఈసీఎం, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు. మహా పొదుపరి. ఒక అక్షరం, నాలుగంకెలు పడేసి ఊరుకుంటాడు; తక్కిన బరువంతా వ్యాఖ్యాత నెత్తిన.

మూలం: పి0562. సిస్టం వోల్టేజ్ లో.

ప్రతిపదార్థం: పి = ఇంజిను, గేరుబాక్సులకు సంబంధించిన; 0 = ఏ కంపెనీ బండికైనను చెల్లునట్టి; 5 = బండి వేగము, ఐడిల్ మున్నగువాని వర్గమందలి (వోల్టేజీ ఆ గుంపులోకి ఎలా వచ్చి పడిందని అడగరాదు); 62 = వరుస సంఖ్య గల దోషము; సిస్టం = ఈసీఎంనగు నాకు; వోల్టేజ్ = అందుచున్న వోల్టేజీ; లో = ఉండవలసిన దానికంటె తక్కువ; (అయినది) అని అధ్యాహారం.

తాత్పర్యం: నాకు కరెంటు చాలడం లేదు.

విశేషాలు: ఇక్కడ ‘సిస్టం’ అన్నది లాక్షణికం. గంగలో పల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని సరిపెట్టుకుంటాం కదా, అలాగే సిస్టం అంటే బండి మొత్తం కాదు, ఈసీఎం తన పిన్నుల దగ్గర చూసిన వోల్టేజీ మాత్రమే. బ్యాటరీ దగ్గర ఎంతుందో దానికి తెలియదు. ఈ లక్షణ పట్టుబడకనే వ్యాఖ్యాతలు రెండు ముఠాలయ్యారు.

మొదటిది బ్యాటరీ సంప్రదాయం. వోల్టేజీ తక్కువన్నాడు కాబట్టి బ్యాటరీ మార్చు, ఆపై డైనమో మార్చు అని వీరి మతం. పూర్తిగా తోసెయ్యలేం. బండి ఆపి కాసేపయ్యాక బ్యాటరీ 12.6 దరిదాపుల్లో ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగకూడదు, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 14 చూపాలి. ఇవి లేకపోతే వీరిదే గెలుపు. కానీ ఇవన్నీ సరిగా ఉన్నా బ్యాటరీ మారుస్తారు. లైటు ఆరుతుంది కూడా! టెర్మినల్ ఊడదీసి, గీకి, గట్టిగా బిగించినందువల్ల ఆరిన లైటు అది. కాకతాళీయ న్యాయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ శాస్త్ర గ్రంథాల్లో లేదు.

రెండోది ఈసీఎం సంప్రదాయం. సూత్రం అర్థం కాకపోతే సూత్రకర్తనే మార్చేస్తారు. కొత్తది కొని, తాళానికి జత కలిపి, కోడింగు చేయించి బిగిస్తే, ఆయనా అదే సూత్రం రాస్తాడు. బిల్లు మాత్రం పురాణమంత.

సిద్ధాంతం: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1, ఈసీఎం పిన్నుల దగ్గర 11.3 ఉందనుకుందాం. రెండూ నిజమే. మధ్యలో 2.8 వోల్టులను ఎవరో తింటున్నారు. దొంగను పట్టాలంటే హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయరు అన్నీ వెయ్యాలి. మీటరు నల్ల కొస బ్యాటరీ నెగెటివ్ పోలుకు, ఎర్ర కొస ఈసీఎం ఎర్తు పిన్నుకు ఆనించాలి. 0.1 వోల్టు దాటిందా, ఎర్తు దారిలోనే ఉన్నాడు. దాటకపోతే బ్యాటరీ పాజిటివ్ నుంచి ఈసీఎం సప్లై పిన్ను దాకా అలాగే చూడాలి. ఫ్యూజు కాళ్ళు, మాడిన మెయిన్ రిలే కాంటాక్టులు ఆ దారిలోవి. ఎర్తు దొంగ ఎక్కువగా బాడీకి బిగించిన రింగు కింద దొరుకుతాడు. బోల్టు విప్పితే ఆకుపచ్చ చిలుము, దాని అడుగున ఎవరో డెంటింగు షెడ్డులో కొట్టిన పెయింటు.

ఓమ్స్‌లో పెట్టి చూస్తే చాలదా అని ఆక్షేపణ. చాలదు. తీగ పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా ఓమ్స్‌లో మీటరు ‘బాగుంది’ అంటుంది. అది పంపే కరెంటు అంత స్వల్పం. బరువైన కరెంటు పారినప్పుడే ఆ ఒక్క పోగు వోల్టేజీని మింగుతుంది. జర్మనీవాడైన గియోర్గ్ ఓం 1827లో ప్రకటించిన నియమమే ఇందుకు ప్రమాణం. ఆ ఓంకూ ప్రణవానికీ సంబంధం లేదు.

ప్రక్షిప్తాలు: వోల్టేజీ పడినప్పుడు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగు మాడ్యూళ్ళు ‘ఫలానావాడు పలకడం లేదు’ అంటూ యూ అక్షరంతో తలా ఒక కోడు చేరుస్తాయి. ఇవి చాలావరకు మూలగ్రంథంలోవి కావు. ఎర్తు బాగుచేసి, అన్నీ చెరిపి, బండి ఓ చుట్టు తిప్పి తెచ్చాక మళ్ళీ వచ్చినవాటికే వ్యాఖ్యానం రాయాలి. చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేము ఉంటే చదువుకోవాలి. కోడు పడిన క్షణాన ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎంలో ఉందో, బండి ఎంత వేగంతో పోతోందో అందులో ఉంటుంది. అది చూడకుండా చెరిపేసినవాడు వ్యాఖ్యాత కాడు, చెదపురుగు.