బీరువాలో భద్రంగా గణితం

డిసెంబర్ 22 వచ్చిందంటే చాలు, మన బడులకు లెక్కలంటే ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొస్తుంది. జాతీయ గణిత దినోత్సవం కదా! శ్రీనివాస రామానుజన్ పటానికి బంతిపూల దండ. గేటు ముందు షడ్భుజాల ముగ్గు. పిల్లలను ఎండలో ‘పై’ గుర్తు ఆకారంలో నిలబెట్టి మేడ మీంచి ఫొటో. పెద్దసారు మైకందుకుని ‘గణితమంటే భయం కాదు, ఆట’ అని సెలవిస్తారు. చప్పట్లు. ఫొటో వాట్సాప్ గ్రూపులో పడుతుంది. పైనుంచి ఒక బొటనవేలు దిగుతుంది. మర్నాడు ఆ ఆట ఏమైపోయిందో ఎవరైనా చూశారా?

ఆట సామాను లేదనుకునేరు. భేషుగ్గా ఉంది. హెడ్మాస్టర్ గదిలో, ఇనప బీరువాలో, పాత జవాబుపత్రాల కట్టల వెనకాల. దాన్ని గణిత కిట్ అంటారు. జియోబోర్డు, రబ్బరు బ్యాండ్లు, ఘనాలు, కోణమానినులు.. ఎన్‌సీఈఆర్‌టీ నిపుణులు బుర్ర పెట్టి తయారు చేసినవే. మరి పిల్లల చేతికి ఎందుకివ్వరు? ఇస్తే విరుగుతాయి. విరిగితే స్టాక్ రిజిస్టర్‌లో తేడా వస్తుంది. తేడా వస్తే రిటైరయ్యేనాడు నో డ్యూ సర్టిఫికెట్ దగ్గర పేచీ వస్తుంది. అంచేత తాళం! తనిఖీకి వచ్చిన అధికారి మాత్రం తక్కువ తిన్నారా? ‘కిట్ ఉందా?’ ‘ఉందండి.’ ‘రిజిస్టర్‌లో ఎక్కిందా?’ ‘ఎక్కిందండి.’ శభాష్. పిల్లల బుర్రకెక్కిందా అని రాసే గడి ఆ ఫారంలో ఎక్కడా లేదు.

కిట్ పాతబడింది, ట్యాబులిద్దాం అన్నారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు 5 లక్షలకు పైగా ట్యాబులు పంచింది. లోపల బైజూస్ పాఠాలు. పంపిణీకి ముహూర్తం? డిసెంబర్ 21. అప్పటి ముఖ్యమంత్రి పుట్టినరోజు. రామానుజన్ పుట్టింది 22న. పాపం, ఒక్కరోజు తేడాతో దెబ్బతిన్నాడు! ఏడాదిన్నర తిరిగేసరికి, 2024 జులైలో, పాఠాలిచ్చిన కంపెనీ దివాలా విచారణ మెట్లెక్కింది. మన పిల్లలకు లెక్కలు నేర్పే పని మనం అప్పజెప్పింది వీళ్లకండీ!

ప్రభుత్వం మారింది కదా అంటారా? మారింది. బడి సామాను పంచే పథకానికి విద్యా కానుక పేరు పోయి విద్యార్థి మిత్ర వచ్చింది. సంచి మీద పేరు మారింది. సంచి మోసే పిల్లకు భిన్నాల కూడిక వచ్చిందా లేదా అన్నది అప్పుడూ ఎవరూ అడగలేదు, ఇప్పుడూ ఎవరూ అడగరు. బెల్టు ఏ రంగు, బూటు ఏ కంపెనీ అన్నదాని మీద మాత్రం రెండు పార్టీలూ గొంతులు చించుకుంటాయి.

ఇక తరగతి గదిలో గోడంత ఫ్లాట్ ప్యానెల్ తెర. ఒకే భూమి, ఒకే ఎత్తు ఉన్న శంకువు, స్తూపం. శంకువులో పట్టేది స్తూపంలో మూడో వంతేనని పదో తరగతి క్షేత్రమితి పాఠం. ప్యానెల్ మీద నీలం రంగు శంకువు నీలం రంగు నీళ్లను మూడుసార్లు ఒంపుతుంది. సంగీతం కూడా వస్తుంది. పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు. అట్టముక్కతో శంకువు చుట్టి, బడి వెనకాల ఇసుకతో నింపి, స్తూపంలోకి మూడుసార్లు ఒంపించడానికి ఎంతవుతుంది? రెండు అట్టలు, కాస్త జిగురు. ఇసుక ఉచితం. కానీ ఆ పనికి టెండర్ పిలవలేం. కాంట్రాక్టర్ ఉండడు. ప్రారంభోత్సవం ఉండదు. రిబ్బన్ లేని పాఠం పాఠమెలా అవుతుంది?

ఇంత సామాను కొన్నాక ఫలితం ఎలా ఉంది? ప్రథమ్ సంస్థ 2023 అసర్ సర్వేలో 26 రాష్ట్రాల పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను కూర్చోబెట్టి చూసింది. వస్తువు అంచును స్కేలు మీద సున్నా దగ్గర పెట్టి పొడవు అడిగితే దాదాపు 85 శాతం మంది చెప్పేశారు. అదే అంచును సున్నా నుంచి కాస్త పక్కకు జరిపారు. ఎంతమంది చెప్పారో తెలుసా? 39 శాతం! వస్తువు సాగిందా? స్కేలు కుంచించుకుపోయిందా? ఏమీ లేదు. చివరి అంకెలోంచి మొదటి అంకె తీసేయాలన్న సంగతి తట్టలేదు, అంతే. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43 శాతం. వీళ్లలో పదో తరగతి గట్టెక్కినవాళ్లు లేరా? బోలెడుమంది ఉన్నారు. ఎలా గట్టెక్కారు? అక్కడికే వస్తున్నా.

సంక్రాంతి వెళ్లగానే రివిజన్ అనే జాతర మొదలవుతుంది. ఓ ప్రణాళిక. ప్రత్యేక తరగతులు. పొద్దున స్లిప్ టెస్ట్, సాయంత్రం స్టడీ అవర్, మధ్యలో గ్రాండ్ టెస్ట్. కొన్నిచోట్ల ఉడకబెట్టిన శనగలు కూడా. ‘సి’ గ్రేడ్ పిల్లలను టీచర్లు దత్తత తీసుకోవాలి. అంతా బాగానే ఉంది. చెప్పని పాఠానికి రివిజన్ ఏమిటి బాబూ? జూన్ నుంచి డిసెంబర్ దాకా ఆ పిల్లలకు లెక్కల పీరియడ్ ఎన్ని రోజులు నిండుగా జరిగింది? శిక్షణ అని ఒక వారం, ఓటర్ల జాబితా అని ఇంకో వారం, సర్వే అని మరోవారం సారును ఎత్తుకెళ్లింది ఎవరు? ఉన్న కాసేపూ యాప్‌లో హాజరు, యాప్‌లో గుడ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మధ్య మరుగుదొడ్ల ఫొటోలు కూడా ఆయనే తీసి పంపాడు. క్షేత్రమితి ప్రాక్టికల్స్ అంటే అవే కాబోలు!

రివిజన్ హాల్లో ఒక మూల కూర్చుని చూడండి. ‘ఒరేయ్, గ్రాఫొకటి, నిర్మాణమొకటి నేర్చుకో. మిగతావి బిట్లలో కొట్టేయ్. ముప్పై అయిదు దాటేస్తావ్.’ ఇదీ వ్యూహం. అమ్మాయి వర్గ బహుపదికి పట్టిక వేస్తుంది. చుక్కలు పెడుతుంది. వంపు తప్పకుండా గీస్తుంది. అది ఎక్స్ అక్షాన్ని తాకిన రెండు చోట్లా గుండ్రాలు చుట్టి శూన్యాలు రాస్తుంది. అక్షరం పొల్లుపోదు. ‘అమ్మా, అక్కడే ఎందుకు శూన్యం?’ అని అడగండి. మీ మొహం చూసి జాలిపడుతుంది. ‘అది పరీక్షలో రాదు సార్’ అంటుంది. తప్పు ఆ పిల్లదా? ఏది అడుగుతారో అదే నేర్చుకుంది. మనకంటే తెలివైంది.

పాఠ్యపుస్తకాన్ని తిట్టకండి. అందులో ‘ఇవి చేయండి’, ‘ప్రయత్నించండి’, ‘ఆలోచించి, చర్చించి, రాయండి’ అని రంగురంగుల పెట్టెలు కట్టి మరీ పెట్టారు. తరగతిలో వాటి గతేమిటి? గైడులో జవాబులున్నాయి, చూసి ఎక్కించుకోండి. ఆలోచించే పని గైడు కంపెనీది. చర్చించే పని ప్రింటర్‌ది. రాసే పని ఒక్కటే పిల్లది. ప్రాజెక్టు పనులూ అంతే. ‘మీ వీధిలో ఇళ్ల కరెంటు బిల్లులు సేకరించి సగటు కనుక్కోండి’ అంటే వీధి వీధంతా ఒకే బిల్లులు. తరగతి మొత్తానికి ఒకే సగటు. ఎందుకంటే జిరాక్స్ షాపు ఒకటే. సారు చూస్తారు, మార్కులు వేస్తారు. వేయక చస్తారా? అంతర్గత మార్కులు తగ్గితే సంజాయిషీ ఇవ్వాల్సింది ఆయనే.

ప్రైవేటు బడులు ఏమన్నా వెనకబడ్డాయా? బోర్డు నిండా కాన్సెప్ట్, టెక్నో, ఒలింపియాడ్. లోపల ఆట స్థలం లేదు, కనీసం ఎండ లేదు. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్. సమీకరణం అంటే ఏమిటో తెలియకముందే దాన్ని పదిహేను సెకన్లలో చంపే షార్ట్‌కట్. ఫీజు కట్టిన తండ్రి మురిసిపోతాడు. అన్నట్టు, మీరు మాత్రం? పేరెంట్స్ మీటింగులో ‘ఎన్నొచ్చాయి’ అని తప్ప ‘మా వాడు లెక్క ఎక్కడ తప్పుతున్నాడు, ఎందుకు తప్పుతున్నాడు’ అని ఎప్పుడన్నా అడిగారా? పక్కింటి అబ్బాయికి నూటికి నూరొచ్చాయని మాత్రం ఇంటికెళ్లి వీపు విమానం మోత మోగిస్తారు.

సొంత జేబులోంచి అట్టలు కొనే లెక్కల మాస్టార్లు లేరా? ఉన్నారు. కోణమానినికి దారం కట్టి, దారానికి గులకరాయి వేలాడదీసి, పైన కూల్‌డ్రింక్ స్ట్రా అంటించి పిల్లలను జెండా స్తంభం దగ్గరికి తీసుకెళ్లేవాళ్లున్నారు. స్తంభం కొన 45 డిగ్రీల్లో కనపడేచోట నిలబడి, అక్కణ్ణుంచి స్తంభం దాకా కొలిచి, కంటి ఎత్తు కలిపితే ఎత్తు తేలిపోతుంది. ఒక్కసారి అలా కొలిచిన పిల్ల త్రికోణమితిని చచ్చినా మర్చిపోదు. పది రూపాయల ఖర్చు. అరగంట ఎండ. కానీ ఆ అరగంటే ఖరీదైపోయింది. ‘సిలబస్ ఎక్కడుంది? గ్రౌండులో ఏం పని?’ అని ఫోనొస్తుంది. వస్తువుకు కోట్లు మంజూరు చేసే సర్కారు, మాస్టారికి అరగంట మంజూరు చేయదు. రోగమంతా ఇక్కడుంది.

అసలు మాస్టారంటూ ఉంటే కదా! తెలంగాణలో 2017 నాటి నియామక ప్రకటన తర్వాత మళ్లీ కొత్త ప్రకటనతో పోస్టులు నింపింది 2024లో. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ప్రకటన తర్వాత మళ్లీ 2025లో. ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు ఇంటర్ ముగించి బయటపడేంత వ్యవధి. ఈలోగా రిటైరైన సారు కుర్చీలో ఎవరు కూర్చున్నారు? ప్యానెల్ కూర్చుంది. ఖాళీ పోస్టుకు ప్లగ్గు పెట్టి, దానికి డిజిటల్ విప్లవమని పేరు పెట్టుకున్నాం. పదో తరగతి ఫలితాలు తగ్గితే ప్యానెల్‌కు షోకాజ్ నోటీసు ఇచ్చిన జిల్లా ఒక్కటైనా ఉందా?

కాబట్టి మంత్రిగారూ, ఈసారి బడికొచ్చేటప్పుడు కత్తెరతో పాటు ఒక స్కేలు తెచ్చుకోండి. పెన్సిల్‌ను రెండో గీత దగ్గర పెట్టి ఎదురుగా కూర్చున్న పిల్లను పొడవెంతో అడగండి. జవాబు తప్పితే టీచర్ వైపు ఉరిమి చూడకండి. ఆ బడిలో లెక్కల పోస్టు ఎన్నేళ్లు ఖాళీగా ఉందో, ఉన్న మాస్టారిని ఏడాదిలో ఎన్ని రోజులు మీరే బయటికి లాక్కెళ్లారో ముందు కూడండి. ఎంతొచ్చింది? ఆ సంఖ్య వేసి నోటీసు రాయండి. చిరునామా సచివాలయానిది రాయడం మర్చిపోకండి.