ఏం గాదు తియ్యి!

జడ్చర్లలో షుగర్ ఉన్నోళ్లకు ఏడాదికి రెండే కాలాలు: సీతాఫలాలు వచ్చే కాలం, అవి ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే కాలం. ఇటు బాలానగర్. ఆ ఊరి పేరుతోనే ఒక సీతాఫలం రకం దేశమంతా చెలామణిలో ఉంది. అటు పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు. తినడానికీ, తిన్నాక మింగడానికీ పాలమూరు మాకు ఏ లోటూ చేయలేదు.

సీతాఫలం గుజ్జు 100 గ్రాములు తింటే 20 గ్రాములకు పైనే పిండిపదార్థం లోపలికి పోతుంది. ఈ మాట మా పెద్దమ్మకు చెప్పి చూశాను. "చెట్టు మీద పండిందిరా బిడ్డా, చక్కెర ఫ్యాక్టరీల చేసింది గాదు. ఒక్కటి తింటె ఏం గాదు తియ్యి" అంది. పెద్దమ్మ ఇంట్లో ఒక్కటి, వదినె ఇంట్లో ఒక్కటి, మేనమామ ఇంట్లో ఒక్కటి. ఎవరి లెక్కలో చూసినా నేను తిన్నది ఒక్కటే. కూడికలు చేసేది గ్లూకోమీటర్ మాత్రమే.

మా బావది ఇంకో శాస్త్రం. జొన్నరొట్టెకు షుగర్ పెరగదని నమ్మి దొంతరకు దొంతర ఖాళీ చేస్తాడు. జొన్నలోనూ ఉన్నది పిండే. పీచు ఉంది కాబట్టి కాస్త నెమ్మదిగా ఎక్కుతుంది. ప్యాసింజర్ బండి ఎంత నెమ్మదిగా పోయినా కాచిగూడ చేరకుండా ఉంటుందా? షుగర్ పరీక్షకు రెండు రోజుల ముందు మాత్రం బావ ఉపవాసం ఉంటాడు. హెచ్‌బీఏ1సీ అనే ఆ రక్తపరీక్ష రెండు మూడు నెలల బాగోతమంతా బయటపెడుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సరే, చుట్టాలను తప్పించుకుని రాత్రి తక్కువ తిని పడుకుంటామా, పొద్దున పరగడుపున చూస్తే అంకె 126 దాటి ఉంటుంది. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు లేచి కాలేయం చేత గ్లూకోజ్ వదిలిస్తాయట. అంటే నా కాలేయం కూడా 'ఏం గాదు తియ్యి' బ్యాచే!

ముందు కూర, పప్పు తిని అన్నం చివర్లో తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదని డాక్టరు చెప్పాడు. పెండ్లి దావత్‌లో ఇది అమలు చేయబోయాను. స్వీటు వద్దని బెండకాయ కూర అడిగితే వడ్డించే పిల్లగాడు "ఏం కాకా, పెండ్లోళ్ల మీద కోపమొచ్చిందా?" అన్నాడు. తిన్నాక పావుగంట నడిస్తే కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను వాడుకుంటాయి, రెండు గంటల తర్వాతి అంకె 180 లోపు నిలిచే అవకాశం పెరుగుతుంది. కానీ బాదేపల్లి మార్కెట్ దిక్కు నడిస్తే అడుగుకొక "రా అన్నా, చాయ్ తాగి పో". ఆ చాయ్‌లో గంటె నిలబడేంత చక్కెర.

వద్దంటే వినేవాళ్లు కారని తేలాక పద్ధతి మార్చాను. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉన్నట్టు 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా. అందులో మావాళ్లు లేకుండా పోతారా? ఇప్పుడు సంచిలో గ్లూకోమీటర్, కొత్త సూదులు పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరైనా 'ఏం గాదు తియ్యి' అన్నారా, "తింటా గానీ, ముందు నీ వేలు ఇటియ్యి" అంటాను. అప్పటినుంచి నేను గుమ్మంలో కనబడితే చాలు, సీతాఫలాల గంప వంటింట్లోకి పోతోంది. నా షుగర్ పెరుగుతుందని కాదు, వాళ్లది బయటపడుతుందని!