ముందు వెళ్ళాల్సిన ఇల్లు

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమనున్న ఓ పల్లె క్రైస్తవ సంఘానికి 2021 ఆగస్టులో కొత్త అయ్యగారు వచ్చారు. పాత అయ్యగారిని కరోనా రెండో అల తీసుకుపోయింది. మే 12న, రెండో లాక్‌డౌన్ మొదలైన నాడే, సాయంత్రం నగరంలోని ఆసుపత్రిలో కన్నుమూశారు. భూస్థాపనకు పెట్టె వెంట వెళ్ళింది నలుగురే. మందిరానికి తాళం. ఆదరణ కూడిక లేదు. సంఘంలో చాలామందికి కబురు తెలిసేసరికే నాలుగు రోజులైంది.

కోవాగ్జిన్ టీకా తయారైన జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట పక్కనే, తుర్కపల్లిలో ఉంది. ఆ టీకాకు జనవరిలోనే అనుమతి వచ్చింది. అయినా మే నెలలో ఆ పక్కనే ఉన్న పల్లెలకు టీకా దొరకడం గగనమైపోయింది. ఆ బాధ ఈ సంఘంలో ఇప్పటికీ పచ్చిగానే ఉంది.

ఈ వైపు సంఘాలు కాపరి నుంచి చాలా ఆశిస్తాయి. కరువు రోజుల్లో జనానికి పని చూపించి, అన్నం పెట్టి మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కష్టకాలంలో ఇంటింటినీ చూసుకునేవాడే అయ్యగారు అన్న లెక్క తాతల నాటి నుంచీ ఉంది. పాత అయ్యగారు ఆ లెక్క తప్పలేదు. ఆసుపత్రుల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ రోజూ ఫోన్ చేసి ప్రార్థన చేసేవారు. తానే మంచం పట్టాక ఆ ఫోను ఆయన భార్య, అమ్మగారు, అందుకున్నారు.

కొత్తవాళ్ళు రాకముందే అమ్మగారు పాస్టరు బంగళా ఖాళీ చేసి, మేడ్చల్‌లో ఒంటి గది అద్దెకు తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ వంటింట్లో స్టవ్ తుడిచి, నీళ్ళ బిందె నింపి, గూట్లో ఓ కాగితం పెట్టారు. రూళ్ళ నోటుబుక్కులోంచి చింపిన కాగితం. అందులో కొత్త అయ్యగారు ఆదరించాల్సిన ఇళ్ళు వరుసగా ఉన్నాయి. తన పేరు మాత్రం ఎక్కడా లేదు. సంఘానికి కొత్త బతుకు మొదలుపెట్టే పనికి ఇంతకంటే మంచి దారి చూపించిన వాళ్ళను నేను చూడలేదు.

మొదటి పేరు పక్కన మాత్రం ఓ మాట రాసి ఉంది: ‘ముందు ఇక్కడికి వెళ్ళండి.’

అయ్యగారికి అర్థం కాలేదు. పెద్దలను అడిగితే ఆ ఇంట్లో ఎవరూ పోలేదన్నారు. ఆయనతోపాటు నేనూ వెళ్ళాను. ఆ ఇంటాయన వాకిట్లో మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పదహారు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికి బయటపడ్డ మనిషి.

ప్రార్థన అయ్యాక ఆయన భార్య కొంగు సర్దుకుని అంది.

“ఒక్క మాట చెప్త అయ్యగారూ, ఏమనుకోకుండ్రి. పాత అమ్మగారంటే మాకు మస్తు గౌరవముండె. రోజు ఫోన్ల అరగంట ప్రార్థన జేస్తుండె. గని నాకు అసలు అక్కెర పడ్డ రాత్రి, మా ఆయనకు ఊపిరాడుతలేదని ఏడ్సుకుంట ఫోన్ జేస్తే, రెండు మాటలల్ల ఆమెన్ అని పెట్టేసిన్రు. అయ్యగారు ఎట్లున్నరని అడుగుదామనుకున్న, గది సుత అడగనియ్యలే. మనసు ఇరిగిపోయింది. మళ్ల ఆమెతోని నేను మాట్లాడలే.”

“ఎప్పుడమ్మా అది?” అన్నారు అయ్యగారు.

“ఎట్ల మర్సిపోత? రెండో లాక్‌డౌన్ వెట్టిన్రు సూడు, అదే దినం రాత్రి.”